మందు కాని మందు

తెలుగులో 'మందు' అంటే రోగానికి వాడేదీ మందే, దుకాణం వెనుక చీకట్లో తాగేదీ మందే. ఉర్దూలోనూ ఇదే చిక్కు. 'దవా దారూ చేయించండి' అంటే వైద్యం చేయించమని అర్థం. విడిగా 'దారూ' అంటే ఏమిటో బడి పిల్లవాడికి కూడా తెలుసు. ఫారసీలో ఆ మాటకు అసలు అర్థం ఔషధమే. పేరు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు గదా! కాని మన జనంలో ఈ రెండూ కలిసిపోయాయి. జలుబు చేస్తే రెండు చెంచాలు, బాలింతకు నడుం గట్టిపడడానికి కొంచెం, వయసు మళ్ళినవారికి గుండె కోసం రోజుకొక పెగ్గు అంటూ పరిపాటిగా మాట్లాడుకుంటారు.

మా బౌరంపేట్‌లో గాని, అటు మేడ్చల్, శామీర్‌పేట వైపు గాని నలుగురు కూర్చున్న చోట ఈ మాట తప్పక వినిపిస్తుంది. "డాక్టర్లే చెబుతున్నారట, మితంగా పుచ్చుకుంటే గుండెకు మంచిదట" అని ఒకరంటారు. తాగినవాడి మొహం ఎర్రబడితే "చూడు, రక్తం ఎలా పరుగెడుతోందో" అని మరొకరు మెచ్చుకుంటారు. మేము పాఠాలు చెప్పుకునేవాళ్ళం, వైద్యులం కాము. అయినా ఈ రెండు మాటల్లో నిజమెంతో తెలుసుకోవాలని కొంత చదివాము, తెలిసినవారిని అడిగాము. తెలిసింది పాఠకులతో పంచుకుంటున్నాము.

మొహం ఎర్రబడటం ఆరోగ్యానికి గుర్తు కాదు. అది శరీరం పెట్టే మొర. అంతేగాక, 'కొంచెం తాగితే గుండెకు మేలు' అనే వాదాన్ని వమ్ము చేయడానికి శాస్త్రజ్ఞులకు తోడ్పడింది కూడా ఆ మొహం ఎర్రబడేవారే.

మద్యం కడుపులో పడగానే కాలేయం దాన్ని విరిచే పనిలో పడుతుంది. మొదటి మెట్టులో అది అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. అసలు మద్యం కన్నా ఇదే ఎక్కువ చెరుపు చేస్తుంది. రెండో మెట్టులో ఒక ఎంజైము ఆ విషాన్ని అసిటిక్ ఆమ్లంగా, అంటే మనం సలాడ్‌లో చల్లుకునే సిర్కాలోని పులుపుగా మారుస్తుంది. (మద్యం సిర్కాగా మారితే దాని హుకుం కూడా మారుతుందని ఫిఖహ్ పాఠంలో చదువుకున్నవారికి ఈ సంగతి ముచ్చటగా తోస్తుంది. శరీరం తనంత తానుగా చేసే ప్రయత్నమూ అదే.) ఈ రెండో మెట్టు దగ్గర పనిచేసే ఎంజైము పేరు ఎ.ఎల్.డి.హెచ్.2. అది సరిగా పనిచేయకపోతే విషం రక్తంలో పేరుకుంటుంది. రక్తనాళాలు ఉబ్బుతాయి, మొహమూ మెడా ఎర్రబడతాయి, చెవులు వేడెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది, తల తిరుగుతుంది, కొందరికి వాంతి అవుతుంది. చామనఛాయ వారిలో ఎరుపు కంటికి ఆనకపోవచ్చు. అటువంటివారికి మొహంలో మంట, గుండె దడ, ఇవే గుర్తులు.

చైనా, జపాన్, కొరియా దేశాల్లో నూటికి 35 నుంచి 40 మందికి పుట్టుకతోనే ఈ ఎంజైము బలహీనం. ప్రపంచంలో ఇటువంటివారు 50 కోట్లకు పైమాటేనని అంచనా. కారణం జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా. ఉర్దూ చదివినవారికి ఇది వింతగా ఉండదు, ఒక్క నుఖ్తా చోటు మారితే 'ఖుదా' కాస్తా 'జుదా' అవుతుంది. మన దక్షిణాదిలో ఈ తేడా చాలా అరుదు. అందుచేత ఇక్కడ మొహాలు ఎర్రబడటానికి వేరే కారణాలు వెదకవలసి ఉంటుంది. వాటి దగ్గరకు తరువాత వద్దాము.

ద్రాక్షతోటల నుంచి వచ్చిన వదంతి

'కొంచెం మంచిదే' అనే మాట ఎక్కడిదని అడగవచ్చు. 1991లో అమెరికా టెలివిజన్‌లో ఒక కార్యక్రమం వచ్చింది. ఫ్రెంచివారు వెన్న, మాంసం బాగా తింటారు, అయినా వారిలో గుండెపోట్లు తక్కువ, దానికి కారణం ఎర్ర వైను కావచ్చు అన్నది దాని సారాంశం. సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ మరుసటి ఏడాది ఇదే విషయంపై వ్యాసం రాశారు. ఇక ఆ మాట దేశదేశాలు తిరిగి, మన ఊరి వైన్స్ దుకాణం దాకా వచ్చింది. వచ్చే దారిలో వైను కాస్తా బ్రాందీ అయింది, విస్కీ అయింది, చివరకు చీప్ లిక్కర్ కూడా అయింది!

ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు దారి పొడవునా ద్రాక్ష పందిళ్ళు కనిపించేవి. అనాబె షాహీ ద్రాక్షకు హైదరాబాదు పరిసరాలే పేరు. ఇప్పుడు చాలా తోటలు ప్లాట్లయ్యాయి. ద్రాక్షలో గుణం ఉంటే ద్రాక్ష తినవచ్చు గదా, పులియబెట్టి తాగడం దేనికి అని మేము అడిగితే మా మిత్రులు నవ్వి ఊరుకుంటారు.

నిజానికి ఎన్నో సర్వేల్లో మితంగా తాగేవారు బొత్తిగా తాగనివారి కన్నా ఆరోగ్యంగా కనిపించిన మాట వాస్తవమే. చిక్కంతా తాగనివారి లెక్కలో ఉంది. వారిలో జబ్బు చేసి మానినవారు ఎందరో ఉంటారు. ఇక మితంగా తాగేవారిలో చాలామంది డబ్బున్నవారు, వ్యాయామం చేసేవారు, పొగతాగనివారు. 2022లో బ్రిటన్‌లో 3 లక్షల 71 వేల మందికి పైగా వివరాలను పరిశీలించినప్పుడు ఇదే తేలింది. ఆ అలవాట్ల ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోగానే మద్యం వల్ల కలిగిందనుకున్న మేలు కరిగిపోయింది.

అయితే గట్టి రుజువు చైనా నుంచి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్, పెకింగ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు, చైనా వైద్య పరిశోధకులు కలిసి 10 ప్రాంతాల్లో 5 లక్షల మందికి పైగా ప్రజలను సుమారు పదేళ్ళు కనిపెట్టి చూశారు. 2019 ఏప్రిల్‌లో ఫలితాలు 'లాన్సెట్' పత్రికలో వెలువడ్డాయి. మొహం ఎర్రబడే జన్యువు ఉన్నవారు సహజంగానే తాగలేరు, లేనివారు తాగగలరు. ఇది వారు ఎంచుకున్నది కాదు, పుట్టుకతో వచ్చినది. ధనికుడా, పేదా, వ్యాయామం చేస్తాడా, చేయడా అన్నదానితో సంబంధం లేదు. కనుక జన్యువును బట్టి మనుషులను విడదీసి చూస్తే మద్యం ప్రభావం ఒక్కటే విడిగా కనబడుతుంది. లక్షా 60 వేల మంది జన్యువులను అలా పరీక్షించారు. జన్యువును బట్టి పురుషుల సగటు తాగుడు వారానికి 4 గ్రాముల నుంచి 256 గ్రాముల దాకా తేడా పడింది.

ఏం తేలింది? 'మీరెంత తాగుతారు' అని అడిగి లెక్కవేసినప్పుడు కొంచెం తాగేవారికి పక్షవాతం తక్కువ అనిపించింది. జన్యువు ప్రకారం లెక్కవేయగానే ఆ మేలు మాయమైంది. తాగుడు పెరిగినకొద్దీ రక్తపోటు పెరిగింది, పక్షవాతం పెరిగింది. వారానికి 280 గ్రాముల మద్యానికి పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం హెచ్చింది. గుండెపోటు విషయంలో మేలు చేస్తుందన్న రుజువు మాత్రం దొరకలేదు. పాఠకులు ఇంకొక సంగతి గమనించగలరు. చైనాలో స్త్రీలు తాగేది బహు తక్కువ, నూటికి ఇద్దరే. అవే జన్యువులు వారిలోనూ ఉన్నాయి, కాని పక్షవాతంలో తేడా కానరాలేదు. అంటే తప్పు జన్యువుది కాదు, సీసాది.

ఆ 280 గ్రాములు అంటే మన లెక్కలో ఎంత? రోజుకు 40 గ్రాములు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో ఉండే మద్యసారం సుమారు 60 గ్రాములు. 8 శాతం బలం ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 41 గ్రాములు. "మేము తాగుబోతులం కాము, రోజుకొక బీరే" అనేవారు ఆ 35 శాతం లెక్కలోకి వచ్చేశారన్న మాట.

మన దేశస్థుల సంగతి ఇంకా విడ్డూరం. సలీం యూసుఫ్ గారు నాయకత్వం వహించిన 'ఇంటర్‌హార్ట్' అధ్యయనం 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడింది. మన ఉపఖండం వారి లెక్కలు విడదీసి 2007లో ప్రచురించారు. మనవారికి మొదటి గుండెపోటు వచ్చే వయసు సగటున 53, మిగతా దేశాల్లో 58 దాటి. ఇతర చోట్ల మద్యం వల్ల కలిగిందనుకున్న కాస్త మేలు కూడా మనవారిలో కనబడలేదు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించింది. మద్యంలో కొంత లాభం ఉన్నా నష్టమే పెద్దదన్న భావం సూరా బఖరా 219వ ఆయత్‌లో ఉంది. మద్యాన్ని ఔషధంగా చేస్తామన్న ఒక సహాబీకి అది ఔషధం కాదు, రోగమని దైవప్రవక్త (సఅసం) తెలిపిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. విశ్వాసికి అంతే చాలు. పై లెక్కలు 'డాక్టర్లే చెప్పారట' అనేవారి కోసం.

ఇక్కడ ఎందుకు ఎర్రబడుతుంది?

ఇక మన దగ్గరకు వద్దాము. జన్యువు కారణం కానప్పుడు మనవాడి మొహం మండి, గుండె దడ పుట్టిందంటే మద్యంతో పాటు ఇంకేదో కడుపులో పడిందేమో అనుమానించాలి.

మొదటిది కల్లు. తాటి, ఈత చెట్ల నుంచి దిగిన నీరా పులియక ముందు మద్యం కాదు, కొద్ది గంటల్లో పులిసి కల్లవుతుంది. హైదరాబాదులో కల్లు దుకాణాలు 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. నగరంలో తాగేవారికి సరిపడా చెట్లు ఎక్కడున్నాయి? ఆ లోటును పొడి తీరుస్తుంది. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలం, ఇవీ కల్తీ కల్లులో తరచు పట్టుబడే సరుకులు. వీటిలో క్లోరల్ హైడ్రేట్ మద్యంతో కలిస్తే మొహం ఎర్రబడి, గుండె వేగం పెరిగి, రక్తపోటు పడిపోవచ్చు. మిగతా రెండూ మద్యంతో కలిసి ఊపిరిని అణచివేస్తాయి. 2025 జూలైలో మాకు ఎంతో దూరం లేని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ఎందరో దవాఖానాల పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఇది మన దగ్గరే ఉన్న పాపం అనుకోనక్కరలేదు. 1965-66లో కెనడాలోని క్విబెక్‌లో బీరు నురగ నిలబడటానికి కోబాల్ట్ కలిపితే యాభైమంది దాకా గుండె కండరం చెడింది. వారిలో ఇరవైమంది మరణించారు.

రెండోది మాత్రలు. విరేచనాలకు, పంటి చీముకు మనవారు దుకాణంలో అడిగి తెచ్చుకునే మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం ముట్టరాదని హెచ్చరిక ఉంటుంది. కొన్ని రకాల సెఫలోస్పోరిన్ ఇంజెక్షన్లకు కూడా అంతే. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర మద్యంతో కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా దిగజారుతుంది.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన ముప్పు ఇక్కడే ఉంది. మాకు తెలిసిన ఒక కుర్రాడు బాచుపల్లి వైపు ఒక ఫ్యాక్టరీకి వ్యాను నడిపేవాడు. ఒకనాటి రాత్రి మొహం, ఛాతీ కందిపోయి, చెమటలు పట్టి, గుండె ఆగకుండా కొట్టుకుంటుంటే దవాఖానాకు తీసుకుపోయారు. డాక్టరు మొదట అడిగిన ప్రశ్న "తాగాడా?" అని. తండ్రి మండిపడ్డారు. "మాది నమాజీల ఇల్లు డాక్టర్ సాబ్, మా ఇంట్లో ఆ పేరు కూడా ఎత్తరు" అన్నారు. తల్లి కూడా ఖసం తిన్నది. మూడు గంటలు ఆ పరీక్షా ఈ పరీక్షా అయ్యాక, అందరినీ బయటికి పంపి ఒక నర్సమ్మ మెల్లగా అడిగితే కుర్రాడు చెప్పాడు. మూడు రోజులుగా కడుపులో బాగాలేక మాత్రలు మింగుతున్నాడు, ఆ సాయంత్రం స్నేహితులతో దావత్‌లో క్వార్టర్ తాగాడు. బతికాడు, అల్‌హందులిల్లాహ్. మూడు గంటలు మాత్రం వృథా అయ్యాయి.

మన ఇళ్ళలో తాగేవారు లేరా? ఉన్నారు. జుమాకు ముందు వరుసలో కూర్చునేవారికి ఈ మాట చేదుగా ఉంటుంది. దాచిపెట్టినంత మాత్రాన రక్తంలో ఉన్నది పోదు. తోటివాడి ఐబ్ కప్పిపుచ్చడం పుణ్యమే, కాని డాక్టరు ముందు దాచడం పర్దాపోషీ కాదు. వైద్యానికి అవసరమైన మేర సతర్ చూపడాన్ని కూడా ఉలమా అనుమతించారు. శరీరం చూపడానికే సడలింపు ఉన్నప్పుడు, ఒక్క మాట చెప్పడానికి ఏమి అడ్డం? అందరి ముందు చెప్పనక్కరలేదు. డాక్టరును పక్కకు పిలిచి ఏం తాగాడో, ఎంత తాగాడో, ఏ మాత్ర మింగాడో చెబితే చాలు. మాత్ర అట్ట చేతిలో ఉంటే మరీ మంచిది.

పప్పులో కలిపే పొడి

మూడో కారణం చెప్పడానికి మాకు కొంత సంకోచంగా ఉంది, చెప్పకపోతే మాత్రం తప్పు. "మౌల్వీ సాబ్, ఒక పొడి ఉందట. దాల్‌లో కలిపితే ఆయనకు తెలియదట, తాగుడు మానేస్తాడట. కలపడం జాయిజేనా?" అని ఒకామె మా ఇంటికి వచ్చి అడిగింది. అటువంటి పొట్లాల్లో ఏముంటుందో అమ్మేవాడికే తెలియాలి. చాలాసార్లు డైసల్ఫిరామ్ అనే మందు పేరు వినబడుతుంది.

ఆ మందు చరిత్ర వింతగా ఉంటుంది. 1930లలో అమెరికాలో రబ్బరు పరిశ్రమలో ఈ జాతి రసాయనాలతో పనిచేసే కార్మికులు ఇంటికి పోయి మద్యం ముట్టుకుంటే చాలు, మొహాలు ఎర్రబడి నానా అవస్థ పడేవారు. ఫ్యాక్టరీ డాక్టరు అది 1937లో గమనించి రాశారు. 1948 నాటికి డెన్మార్క్‌లో హాల్డ్, యాకబ్‌సెన్ అనే ఇద్దరు దాన్నే తాగుడు మాన్పించే మందుగా తెచ్చారు. అది చేసే పని చైనావారి జన్యువు చేసేదే. రెండో మెట్టు దగ్గరి ఎంజైమును కట్టిపడేస్తుంది. తాగితే విషం పేరుకుని మనిషి హడలిపోతాడు. రోగి తెలిసి, ఒప్పుకుని, గుండె పరీక్షలయ్యాక, డాక్టరు కనుసన్నల్లో వాడవలసిన మందు అది. మానేసిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండవచ్చు. తెలియని మనిషి మామూలుగా క్వార్టర్ ఎత్తితే రక్తపోటు పడిపోవచ్చు, గుండెపోటు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. గుండె జబ్బు ఉన్నవాడికి అసలు ఇవ్వకూడదు. అందుకే ఆమెకు కలపవద్దని చెప్పాము. మంచి ఉద్దేశంతో కలిపినా విషం విషమే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రోడ్డు మీదికి వచ్చి సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. ముప్పై ఏళ్ళు గడిచాక మన ఆడవాళ్ళు వంటింట్లో ఎవరికీ తెలియకుండా పొట్లం విప్పుకోవలసి వస్తోందంటే వారిని ఏమని నిందిస్తాము? వారికి వేరే దారి చూపకపోవడం బస్తీ పెద్దల తప్పు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో తాగుడు మాన్పించే వైద్యం ఉంది. 14446 నంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. మసీదు కమిటీలు గోడ మీద నమాజ్ వేళల పక్కన ఆ నంబరు రాసి పెడితే ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు.

రమజాన్ గురించి ఒక మాట. ఏడాదంతా రోజూ తాగే మనిషి కూడా చాంద్ కనబడగానే సీసా పక్కన పెడతాడు. ఆ భయభక్తులు మెచ్చదగినవే. కాని ఏళ్ళ తరబడి బాగా తాగిన శరీరం ఒక్కసారిగా మానడాన్ని తట్టుకోలేకపోవచ్చు. మొదటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మతి తప్పి, లేనివి కనబడి కేకలు వేయవచ్చు. ఇంటివారు జిన్ పట్టిందనుకుని ఆమిల్ దగ్గరకు పరుగెత్తుతారు. అది జిన్ కాదు, దవాఖానాలో నయమయ్యే స్థితి, ఆలస్యమైతే ప్రాణాంతకం. అప్పుడు 108కి ఫోను చేయాలి. మానదలచినవారు షాబాన్ నెలలోనే డాక్టరును కలిస్తే కొన్ని రోజులు మాత్రలు, బి-1 విటమిను ఇచ్చి, తగిన జాగ్రత్తలతో మాన్పిస్తారు. మొదటి సహరీ నాటికి చేతులు వణకకుండా కప్పు పట్టుకోగలుగుతారు.